మీ రెజ్యూమేను ముందు నోట్‌ప్యాడ్‌లో చదవండి

ధర్మవరం నుంచి ఒక అమ్మాయి మొన్న ఆదివారం మా ఇంటికి వచ్చి తన రెజ్యూమే నా ముందు పెట్టింది. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివింది, మార్కులు బాగున్నాయి, ఒక సోలార్ ప్లాంటులో ఏడాది పాటు అప్రెంటిస్‌గా పనిచేసింది. కాగితం కూడా చూడముచ్చటగా ఉంది. ఎడమవైపు ముదురు నీలం పట్టీ, అందులో గుండ్రటి ఫొటో, ఫోను బొమ్మ పక్కన నంబరు, కవరు బొమ్మ పక్కన ఈమెయిల్, ఒక్కో నైపుణ్యానికి ఐదేసి చుక్కలు. కుడివైపు చదువు, అనుభవం. అనంతపురంలో ఒక డీటీపీ షాపులో డబ్బిచ్చి చేయించుకుంది. ఆరు నెలల్లో 60కి పైగా ఉద్యోగాలకు పంపింది. ఒక్క చోటు నుంచీ ఫోను రాలేదు.

నేను ఆ పీడీఎఫ్ తెరిచి, అందులో ఉన్నదంతా సెలెక్ట్ చేసి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించాను. ఇంగ్లీషులో వచ్చినదాన్ని తెలుగు లిపిలో చూపిస్తున్నాను:

స్కిల్స్ ఎడ్యుకేషన్
పీఎల్‌సీ ●●●●○ డిప్లొమా ఇన్ ఎలక్ట్రికల్
ఆటోక్యాడ్ ●●●○○ సోలార్ ప్లాంట్ అప్రెంటిస్ 2022
□ □ ఇంజనీరింగ్ 2021
సర్టి□కేషన్స్

ఆమె పేరు ఎక్కడా లేదు. షాపులో ఆ పేరును అందమైన అక్షరాలతో ఒక బొమ్మగా చేసి పెట్టారు. ఫోను నంబరు కూడా ఆ నీలం పట్టీ బొమ్మలోనే కలిసిపోయింది. డిప్లొమా ఒక చోట, ఇంజనీరింగ్ మరో చోట పడ్డాయి. మధ్యలో అప్రెంటిస్ దూరింది. కంపెనీల కంప్యూటర్లు చూసింది ఇదే. ఎవరైనా ఆమెను పిలవాలనుకున్నా, పేరూ నంబరూ లేని మనిషిని ఎలా పిలుస్తారు?

నేను బెంగళూరులో తొమ్మిదేళ్లు ఉద్యోగ నియామకాల విభాగంలో పనిచేశాను. రోజుకు వందల రెజ్యూమేలు వచ్చి పడే తెరకు అవతలివైపు కూర్చున్నాను. మన జిల్లాల పిల్లల రెజ్యూమేలు ఇలా ముక్కలై కనబడినప్పుడల్లా మనసు చివుక్కుమనేది. ఇప్పుడు అనంతపురంలోనే ఉంటున్నాను కాబట్టి వచ్చినవాళ్లకు పక్కన కూర్చుని సరిచేసి ఇస్తున్నాను. అందరూ రాలేరు కదా. అందుకే ఆ పనంతా ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఒక పూట కేటాయించుకుంటే మీ రెజ్యూమేను మీరే బాగుచేసుకోవచ్చు.

యంత్రం చేసే పని ఏమిటి?

పెద్ద కంపెనీలూ, వాటికి మనుషుల్ని వెతికిపెట్టే ఏజెన్సీలూ వచ్చిన దరఖాస్తులన్నిటినీ ఒక సాఫ్ట్‌వేరులో దాచుకుంటాయి. దాన్ని అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్ అంటారు, పొడి అక్షరాల్లో ఏటీఎస్. వర్క్‌డే, ఒరాకిల్ వారి టాలియో, శాప్ వారి సక్సెస్‌ఫ్యాక్టర్స్, జోహో రిక్రూట్ ఈ కోవలోవే. మీరు ఎక్కించిన ఫైలులోంచి అది అక్షరాలను మాత్రమే బయటికి తీస్తుంది. వాటిలో పేరు ఏది, ఫోను ఏది, చదువు ఏది, ఏ కంపెనీలో ఎప్పటి నుంచి ఎప్పటి వరకు పనిచేశారు అని గుర్తుపట్టి గడుల్లో నింపుతుంది. పాతకాలంలో ఆఫీసు గుమాస్తా మీ అర్జీ చూసి రిజిస్టరులో ఎక్కించినట్టే అనుకోండి. కాకపోతే ఈ గుమాస్తాకు రంగులు, బొమ్మలు, పట్టీలు తెలియవు. అక్షరాలు, వాటి వరుస, అంతే.

ఆ తర్వాత రిక్రూటర్ వస్తాడు. పెనుకొండ వైపు ఒక ప్లాంటుకు మెయింటెనెన్స్ టెక్నీషియన్ కావాలనుకుంటే, వెతికే గడిలో పీఎల్‌సీ (ఫ్యాక్టరీ యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటరు), మెయింటెనెన్స్, డిప్లొమా, రెండేళ్ల అనుభవం అని కొడతాడు. ఆ మాటలు ఎవరి గడుల్లో ఉన్నాయో వాళ్ల జాబితా వస్తుంది. ఈమధ్య కొన్ని వ్యవస్థలు మీ రెజ్యూమేను ఉద్యోగ ప్రకటనతో పోల్చి, దగ్గరగా ఉన్నవాళ్లను పైన పెడుతున్నాయి. యంత్రమే ఇంత శాతం రెజ్యూమేలను చెత్తబుట్టలో వేస్తుందని వీడియోల్లో చెప్పే అంకెలు నమ్మి భయపడకండి. నేను చూసినంతలో ఎక్కువమంది విషయంలో జరిగేది ఒకటే. వాళ్ల ఫైలు కంపెనీ దగ్గర భద్రంగానే ఉంటుంది, కానీ వెతికినప్పుడు పైకి రాదు.

కాబట్టి రెండు పనులున్నాయి. యంత్రం మీ అక్షరాలను సరిగ్గా, సరైన వరుసలో తీయగలగాలి. తీసిన అక్షరాల్లో రిక్రూటర్ వెతికే మాటలు ఉండాలి.

ఇప్పుడున్న రెజ్యూమేను పరీక్షించండి

కొత్తది మొదలుపెట్టే ముందు పాతదాన్ని చూడండి. కంప్యూటరులో పీడీఎఫ్ తెరిచి కంట్రోల్ ఏ, కంట్రోల్ సి నొక్కండి. నోట్‌ప్యాడ్ తెరిచి కంట్రోల్ వి నొక్కండి. ఫోనులోనైతే పీడీఎఫ్‌లోని అక్షరాల మీద వేలు అదిమి పట్టి, అన్నిటినీ ఎంచుకుని, నోట్స్ యాప్‌లో అతికించండి. అక్షరాలు ఎంపికే కావడం లేదంటే మీ రెజ్యూమే మొత్తం ఒక ఫొటో అన్నమాట. కాగితాన్ని ఫోనుతో స్కాన్ చేసి పీడీఎఫ్‌గా మార్చినప్పుడూ ఇదే జరుగుతుంది.

అతికించినదాన్ని పైనుంచి కిందికి గట్టిగా చదవండి. పేరు మొదటి పంక్తిలో ఉందా? ఫోను నంబరులో పది అంకెలూ ఉన్నాయా? ఒక ఉద్యోగం కింద రాసిన విషయాలు దాని కిందే వచ్చాయా, లేక పక్క వరుసలోని మాటలు మధ్యలో చొరబడ్డాయా? డబ్బాలు, ప్రశ్నార్థకాలు ఎక్కడైనా ఉన్నాయా? ధర్మవరం అమ్మాయి కాగితంలో సర్టిఫికేషన్స్ అనే మాట మధ్యలో డబ్బా రావడానికి కారణం ఉంది. కొన్ని ఫాంట్లు ఇంగ్లీషులో ఎఫ్, ఐ లాంటి జంట అక్షరాలను కలిపి ఒకే గుర్తుగా చేస్తాయి. పీడీఎఫ్‌లోంచి తీసేటప్పుడు ఆ గుర్తు కొన్నిసార్లు జారిపోతుంది. కంటికి బాగానే కనబడుతుంది, వెతికితే దొరకదు.

నోట్‌ప్యాడ్‌లో మీకు అర్థం కానిది అవతల యంత్రానికీ అర్థం కాదు. ఇంతకంటే నమ్మకమైన పరీక్ష నాకు తెలియదు, దీనికి పైసా ఖర్చు లేదు. రెజ్యూమే ఎక్కిస్తే నూటికి ఇన్ని మార్కులని చెప్పే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. ఆ మార్కులు వాళ్లు వేసుకున్నవి, మీరు దరఖాస్తు చేసే కంపెనీ వేసినవి కావు. వాటికి డబ్బు కట్టకండి.

ఖాళీ పేజీతో మొదలుపెట్టండి

పాత డిజైన్‌ను సరిచేయాలని ప్రయత్నించకండి. అందులోని టెక్స్ట్ బాక్సులు, దాగిన పట్టికలు మిమ్మల్ని వదలవు. ఎంఎస్ వర్డ్‌లో గానీ గూగుల్ డాక్స్‌లో గానీ ఖాళీ పేజీ తెరవండి. లిబ్రె ఆఫీస్ ఉచితంగా దొరుకుతుంది, అదైనా సరే. ఫోనులో గూగుల్ డాక్స్ సరిపోతుంది.

పేజీ అంతా ఒకే నిలువు వరుసలో ఉండాలి. పట్టికలు, టెక్స్ట్ బాక్సులు, బొమ్మలు, గీతల పట్టీలు వద్దు. పేజీ పైభాగంలోని హెడర్‌లో, అడుగున ఫుటర్‌లో ఏమీ రాయకండి. కొన్ని వ్యవస్థలు ఆ భాగాలను అసలు చదవవు, మనవాళ్లేమో సరిగ్గా అక్కడే ఫోను నంబరు పెడతారు. ఫాంటు ఏరియల్ లాంటి మామూలుదైతే చాలు, అక్షరాల సైజు 11. బోల్డ్ వాడవచ్చు. చుక్కలతో జాబితా కావాలంటే వర్డ్‌లో మామూలుగా వచ్చే నల్ల చుక్కనే పెట్టండి. బాణాలు, టిక్కు గుర్తులు, నక్షత్రాలు అక్కర్లేదు.

నైపుణ్యాల పక్కన చుక్కలు, గీతలు వేయడం గురించి ఒక మాట. ఆటోక్యాడ్‌కు ఐదులో మూడు చుక్కలంటే ఏమిటో యంత్రానికే కాదు, నాకూ తెలియదు. ఆ చోటులో ఆటోక్యాడ్‌తో మీరు గీసిన డ్రాయింగు ఏదో ఒక పంక్తి రాస్తే వంద రెట్లు మేలు.

డీటీపీ షాపులో చేయించక తప్పని పరిస్థితి అయితే పేజ్‌మేకర్‌లో, కోరల్‌డ్రాలో వద్దు, వర్డ్‌లోనే టైప్ చేయమని అడగండి, వర్డ్ ఫైలు కూడా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. శుభలేఖలు, కరపత్రాలు చేసిన అలవాటుతో రెజ్యూమేను కోరల్‌డ్రాలో చేసి, అక్షరాలను గీతలుగా మార్చి పీడీఎఫ్ ఇచ్చేవాళ్లున్నారు. అలా మార్చాక అందులో ఒక్క అక్షరమూ మిగలదు, అక్షరాల ఆకారాలే ఉంటాయి. స్థానిక సంస్థల కోసం తెలుగులో బయోడేటా చేయించుకునేవాళ్లకు ఇంకో చిక్కుంది. మన షాపుల్లో ఎక్కువగా వాడే ‘అను’ అనే పేరున్న ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకేలా అర్థమయ్యే అక్షరాల పద్ధతి) కావు. తెరపై తెలుగు కనబడుతుంది గానీ, లోపల దాచింది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో మీ పేరు అర్థం లేని గుర్తుల దండలా వస్తుంది. తెలుగులో కావాలంటే యూనికోడ్‌లోనే టైప్ చేయించండి, వర్డ్ ఫైలుగానే పంపండి. ప్రైవేటు కంపెనీలకు మాత్రం మొత్తం ఇంగ్లీషులోనే ఉండాలి. కింద నేనిచ్చే ఉదాహరణల్లో భావం తెలుగులో ఉంటుంది, మీరు ఇంగ్లీషులో రాసుకోండి.

పేరు, ఊరు, నంబరు

మొదటి పంక్తిలో పేరు ఒక్కటే ఉండాలి. రెజ్యూమే అనో, కరికులమ్ వైటే అనో పైన పెద్ద శీర్షిక పెట్టకండి. కొన్ని యంత్రాలు దాన్నే మీ పేరుగా ఎక్కించుకుంటాయి. నేను కళ్లారా చూశాను, వరుసగా పదిమంది అభ్యర్థుల పేరు కరికులమ్, ఇంటిపేరు వైటే!

మన పేర్లతో ఒక ఇబ్బంది ఉంది. ఇంటిపేరు ముందు, అదీ పొడి అక్షరంగా వస్తుంది. యంత్రం మొదటి మాటను పేరుగా, చివరి మాటను ఇంటిపేరుగా తీసుకోవడం మామూలు. దాంతో మీకు పంపే ఉత్తరం ఆ ఒక్క అక్షరంతో మొదలవుతుంది. దీనికి భయపడనక్కర్లేదు. పదో తరగతి మెమోలో ఎలా ఉందో అలాగే రాయండి. పోర్టల్‌లో పేరుకు, ఇంటిపేరుకు విడివిడి గడులు వచ్చినప్పుడు పొడి అక్షరాన్ని విప్పి పూర్తి ఇంటిపేరు చివరి గడిలో వేయండి. ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా రాస్తే సర్టిఫికెట్లు సరిచూసేటప్పుడు ఇబ్బంది పడేది మీరే.

రెండో పంక్తిలో ఫోను, ఈమెయిల్, ఊరు. ఒకే ఫోను నంబరు ఇవ్వండి, ముందు ప్లస్ 91 చేర్చండి. ఇంటి నంబరు, వీధి, రామాలయం ఎదురుగా లాంటి గుర్తులు వద్దు. ఊరు, జిల్లా, రాష్ట్రం చాలు.

ఊరి పేరు స్పెల్లింగ్‌ను మనం తేలిగ్గా తీసుకుంటాం గానీ, రిక్రూటర్లు ఊరిని బట్టి కూడా వెతుకుతారు. కడపకు ఇంగ్లీషులో సి అక్షరంతో మొదలయ్యే పాత స్పెల్లింగ్ 2005లో పోయి, కె అక్షరంతో మొదలయ్యేది అధికారికమైంది. పాత సర్టిఫికెట్లలో ఇంకా పాతదే ఉంటుంది. అనంతపురాన్ని చివర పూర్ అని, పురం అని, పురము అని మూడు రకాలుగా రాస్తారు. నౌకరీ, లింక్డ్‌ఇన్ లాంటి ఉద్యోగాల వెబ్‌సైట్లలో ఊరు ఎంచుకునే జాబితా వస్తుంది కదా, అందులో ఏ స్పెల్లింగ్ ఉందో చూసి రెజ్యూమేలోనూ దాన్నే వాడండి. జిల్లాల సంగతి కూడా చూసుకోండి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక ధర్మవరం, హిందూపురం, పెనుకొండ, కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి, డోన్, ఆళ్లగడ్డ నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. మీ చిరునామాలో ఇప్పటి జిల్లా రాయండి. పాత మెమోలో అనంతపురం అనో కర్నూలు అనో ఉన్నా ఇబ్బంది లేదు.

వేరే ఊరికి వెళ్లగలిగితే ఆ మాట ఇక్కడే చెప్పండి. అనంతపురం నుంచి బెంగళూరు 200 కిలోమీటర్లకు కాస్త పైన, మనకు అది పక్క ఊరి లెక్క. కానీ రిక్రూటర్ తెరమీద మీరు వేరే రాష్ట్రం మనిషి. బెంగళూరు, హైదరాబాద్‌లలో చేరడానికి సిద్ధం అని ఒక్క పంక్తి రాస్తే ఆ ఊళ్ల పేర్లతో వెతికినప్పుడు కూడా మీరు దొరుకుతారు.

తండ్రి పేరు, పుట్టిన తేదీ, మతం, కులం, పెళ్లి వివరాలు, ఫొటో ఇవేవీ ప్రైవేటు ఉద్యోగాల రెజ్యూమేలో అక్కర్లేదు. ఆధార్ నంబరు అసలే రాయకండి. ఆ కాగితం ఎన్ని చేతులు మారుతుందో మీకు తెలియదు. పైన చెప్పినవన్నీ నిజమని ప్రమాణం చేసి, స్థలం, తేదీ, సంతకం పెట్టే చివరి పేరా కూడా తీసేయండి. ఆ చోటు మీ పనికి ఇవ్వండి.

శీర్షికలు, తేదీలు

శీర్షికలు అందరికీ తెలిసినవే పెట్టండి: వర్క్ ఎక్స్‌పీరియన్స్, ఎడ్యుకేషన్, స్కిల్స్, ప్రాజెక్ట్స్, సర్టిఫికేషన్స్. నా ప్రయాణం, నేను సాధించినవి లాంటి ముచ్చటైన పేర్లు పెడితే యంత్రానికి కింద ఉన్నది ఉద్యోగమో చదువో తెలియదు. చేతిలో అనుభవం ఉంటే దాన్ని ముందు, అప్పుడే చదువు ముగిస్తే చదువును ముందు పెట్టండి.

తేదీలను జూన్ 2022 నుంచి మే 2023 అని నెల పేరుతో రాయండి. 05/06/2022 అంటే మనకు జూన్ ఐదు, అమెరికాలో తయారైన సాఫ్ట్‌వేరుకు మే ఆరు కావచ్చు. మీ మొత్తం అనుభవం ఎన్ని నెలలో యంత్రం ఈ తేదీల నుంచే లెక్కకడుతుంది. ఉత్త సంవత్సరాలే రాస్తే లెక్క తప్పుతుంది. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగానికి చివర ప్రెజెంట్ అని పెట్టండి.

మధ్యలో ఖాళీ ఉంటే దాచకండి. పిల్లల పెంపకం కోసమో, నాన్నకు ఆరోగ్యం బాగాలేకనో, ఇంటి వేరుశనగ సాగు చూసుకోవడానికో ఆగిపోయినవాళ్లు మన దగ్గర ఎందరో ఉన్నారు. తేదీలు సాగదీసి ఆ ఖాళీని కప్పితే పాత కంపెనీని అడిగినప్పుడు బయటపడుతుంది. ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు కుటుంబ బాధ్యతలు అని ఒక పంక్తి రాయండి. ఆ కాలంలో ఏదైనా కోర్సు చేసి ఉంటే దాని పేరు పక్కన చేర్చండి. అందులో తలదించుకోవాల్సింది ఏమీ లేదు.

చదువు

ఒక్కో చదువుకు రెండు పంక్తులు చాలు. డిగ్రీ, బ్రాంచి, కాలేజీ, విశ్వవిద్యాలయం, ముగించిన సంవత్సరం, మార్కులు. జేఎన్‌టీయూఏ అని పొడి అక్షరాలతో ఆపకండి, జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం అనంతపురం అని పూర్తి పేరు రాసి పక్కన పొడి పేరు పెట్టండి. యోగి వేమన విశ్వవిద్యాలయానికీ, రాయలసీమ విశ్వవిద్యాలయానికీ, శ్రీకృష్ణదేవరాయకూ అంతే. రిక్రూటర్ ఏ రూపంలో వెతికినా దొరకాలి.

ఇంటర్ అనే మాట మన రాష్ట్రం దాటితే అందరికీ తెలియదు. కర్ణాటకలో దాన్ని పీయూసీ అంటారు. అందుకే ఇంటర్మీడియట్, 12వ తరగతి అని రెండూ రాయండి. ఎస్‌ఎస్‌సీ పక్కన 10వ తరగతి అని చేర్చండి. సీజీపీఏ రాసేటప్పుడు 7.8/10 అని ఎంతకు ఎంతో తెలిసేలా ఉండాలి. దాన్ని శాతంగా మార్చమని పోర్టల్ అడిగితే మీ విశ్వవిద్యాలయం ఇచ్చిన సూత్రంతోనే మార్చండి, పదితో గుణించి సరిపెట్టకండి.

పని గురించి రాయడం

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడ. మనవాళ్లు చేతకాక కాదు, మొహమాటంతో చేసిన పనిని కూడా చెప్పుకోరు. ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో రెండేళ్లు లెక్కలు చూసిన కుర్రాడు కర్నూలు నుంచి ఫైలు పంపాడు. అనుభవం కింద రాసుకున్నది ఇంతే:

అకౌంట్స్ పనులన్నీ చూసుకున్నాను. కష్టపడి పనిచేస్తాను. బృందంతో కలిసిపోతాను.

ఈ మూడు వాక్యాల్లో వెతికితే దొరికే మాట ఒక్క అకౌంట్స్. ఫోను చేసి అడిగాను. బాబూ, ఉదయం మిల్లుకు వెళ్లగానే మొదట ఏం తెరిచేవాడివి? టాలీ అన్నాడు. అందులో ఏం చేసేవాడివి? పత్తి కొన్న బిల్లులు, అమ్మిన బిల్లులు ఎక్కించేవాడినన్నాడు. రోజుకు ఎన్ని? పత్తి వచ్చే కాలంలో 40 నుంచి 60. జీఎస్‌టీ ఎవరు చూసేవారు? ఆడిటర్ చూసేవారు గానీ లెక్కలన్నీ నేనే తయారుచేసి ఇచ్చేవాడినన్నాడు. అలా అరగంట మాట్లాడాక వచ్చింది ఇది:

టాలీ ప్రైమ్‌లో రోజుకు 40 నుంచి 60 కొనుగోలు, అమ్మకం బిల్లుల నమోదు.
నెలవారీ జీఎస్‌టీఆర్-1, జీఎస్‌టీఆర్-3బీ రిటర్నులకు లెక్కల తయారీ.
మూడు బ్యాంకు ఖాతాలకు ప్రతి నెలా బ్యాంక్ రీకన్సిలియేషన్.
ఎక్సెల్‌లో పత్తి నిల్వల రోజువారీ పట్టిక, వీ-లుకప్, పివట్ టేబుల్ వాడకం.

ఒక్క అబద్ధం లేదు. ఒక్క గొప్ప లేదు. కానీ ఇప్పుడు టాలీ, జీఎస్‌టీ, రీకన్సిలియేషన్, ఎక్సెల్ అని ఎవరు వెతికినా అతను కనబడతాడు. మీరూ ఇలాగే మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. ఉదయం మొదట ఏం చేస్తాను, ఏ యంత్రం మీద, ఏ సాఫ్ట్‌వేరులో, రోజుకు ఎన్ని, ఎంతమందితో, నేను రాకపోతే ఏ పని ఆగిపోతుంది? ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని ఈ ప్రశ్నలు అడిగించుకుంటే ఇంకా మంచిది. మనిషి అడిగితే నోరు విప్పుతాం, కాగితం ముందు బిగుసుకుపోతాం.

ఉద్యోగం చేయనివాళ్లు ప్రాజెక్టును ఇలాగే రాయండి. స్మార్ట్ ఇరిగేషన్ సిస్టమ్ అని పేరొక్కటే రాస్తే సరిపోదు. ఏ సెన్సర్, ఏ బోర్డు, ఏ భాషలో ప్రోగ్రాం, నలుగురిలో మీ వంతు ఏమిటి, అది పనిచేసిందా అన్నది రాయండి.

ప్రకటనలోని మాటలు

ఇప్పుడు మీరు కోరుకునే ఉద్యోగ ప్రకటన ముందు పెట్టుకోండి. పెన్సిల్ తీసుకుని పని పేర్లు, యంత్రాల పేర్లు, సాఫ్ట్‌వేర్ల పేర్లు, అర్హతల కింద గీత గీయండి. రెండు మూడుసార్లు వచ్చిన మాట చుట్టూ సున్నా చుట్టండి. వాటిలో మీకు నిజంగా వచ్చినవి ఏవో చూసి, అవే మాటలతో రెజ్యూమేలో ఉన్నాయా అని సరిచూడండి.

అవే మాటలతో అని ఎందుకు అంటున్నానంటే, ఒకే పనికి చాలా పేర్లుంటాయి. మీరు రెగ్యులర్ సర్వీసింగ్ అని రాస్తారు, ప్రకటనలో ప్రివెంటివ్ మెయింటెనెన్స్ అని ఉంటుంది. చేసేది ఒకటే అయినప్పుడు వాళ్ల మాట వాడండి. పెనుకొండ దగ్గర 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యాక కార్ల తయారీ భాష మన జిల్లాలకు వచ్చింది. 5ఎస్ (పనిచోటును సర్ది శుభ్రంగా ఉంచడం), కైజెన్ (పనిని కొంచెం కొంచెంగా మెరుగుపరచడం), పోకా-యోకే (పొరపాటుకు వీల్లేకుండా చేయడం) లాంటి మాటలు విడిభాగాల కంపెనీల ప్రకటనల్లోనూ కనబడతాయి. షాప్‌ఫ్లోర్‌లో రోజూ ఆ పద్ధతుల్లోనే పనిచేస్తూ, ఆ పేర్లు రెజ్యూమేలో రాయని పిల్లలను చాలామందిని చూశాను. పేరు తెలియకపోతే మీ సూపర్‌వైజరును అడిగి తెలుసుకుని రాయండి. పొడి అక్షరాలున్న ప్రతి మాటకూ ఒక్కసారి పూర్తి రూపం పక్కన ఉండాలి: పీఎల్‌సీ, ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్.

ఆ మాటలు స్కిల్స్ కింద జాబితాగానూ ఉండాలి, అనుభవంలో వాక్యంలోనూ ఉండాలి. జాబితా యంత్రం కోసం, వాక్యం ఆ తర్వాత చదివే మనిషి కోసం.

రాని పనిని మాత్రం రాయకండి. ఇంకో పిచ్చి సలహా తిరుగుతోంది: ప్రకటన మొత్తాన్ని తెల్లటి అక్షరాల్లో కింద అతికిస్తే కంటికి కనబడదు, యంత్రం చదువుతుందని. యంత్రం రంగును తీసేసి అక్షరాలను మాత్రమే ఉంచుతుందని ముందే చెప్పాను కదా. రిక్రూటర్ తెరమీద ఆ ప్రకటన నల్లటి అక్షరాల్లో బాహాటంగా కనబడుతుంది. మా దగ్గర అలాంటివాళ్లను రెండోసారి చూసేవాళ్లం కాదు. చాట్‌బాట్‌లతో రాయించుకునేవాళ్లు కూడా జాగ్రత్త. ఇంగ్లీషు సరిదిద్దడానికి బాగా పనికొస్తాయి గానీ, మీరు ఎన్నడూ ముట్టుకోని సాఫ్ట్‌వేర్లను కూడా మీ పేరు కింద చేర్చేస్తాయి. ఇంటర్వ్యూలో దాని గురించి అడిగినప్పుడు సమాధానం చెప్పాల్సింది మీరు. ప్రతి పంక్తీ చదివి, నాది కానిదాన్ని కొట్టేయండి.

ఫైలు

ప్రకటనలో ఏ రూపంలో అడిగితే ఆ రూపంలో పంపండి. ఏమీ చెప్పకపోతే వర్డ్ ఫైలు గానీ, వర్డ్ నుంచి నేరుగా సేవ్ చేసిన పీడీఎఫ్ గానీ పనిచేస్తుంది. ప్రింటు తీసి మళ్లీ స్కాన్ చేయకండి. పాస్‌వర్డ్ పెట్టకండి. ఫైలుకు మీ పేరు, ఉద్యోగం పేరు పెట్టండి, న్యూ రెజ్యూమే ఫైనల్ 3 అని వద్దు. పంపే ముందు నోట్‌ప్యాడ్ పరీక్ష మళ్లీ చేయండి. ధర్మవరం అమ్మాయి రెజ్యూమేను అలా కొత్తగా రాయడానికి మాకు రెండు గంటలు పట్టింది. నోట్‌ప్యాడ్‌లో అతికించినప్పుడు మొదటి పంక్తిలో తన పేరు చూసుకుని, ఇంతేనా అక్కా అంది.

ఫారంలో ప్రశ్నలు

రెజ్యూమే ఎక్కించాక పోర్టల్ కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. వీటిని చాలామంది విసుగుతో గబగబా నింపేస్తారు. కానీ యంత్రం నిజంగా పక్కన పెట్టేది ఎక్కువగా ఇక్కడే. ఎన్నేళ్ల అనుభవం, ఈ డిగ్రీ ఉందా, రాత్రి షిఫ్టులో చేస్తారా, నోటీసు పీరియడ్ ఎంత, ఆ ఊరికి రాగలరా? వీటిలో ఒక్కదానికి కాదు అని పెడితే ఆ దరఖాస్తు మనిషి కంటపడకుండానే ఆగిపోయేలా కంపెనీ ఏర్పాటు చేసుకోవచ్చు. ప్రశ్న నిదానంగా చదవండి. అనుభవాన్ని సంవత్సరాల్లో అడిగారా, నెలల్లో అడిగారా చూడండి. 18 నెలలను 18 సంవత్సరాలుగా నింపినవాళ్లు ఉన్నారు. జీతం గడిలో అంకెలే వేయండి.

యంత్రం తనంతట తాను నింపిన గడులను కూడా ఒక్కొక్కటే చూసి సరిదిద్దండి. కాలేజీ పేరు కంపెనీ గడిలో పడటం నేను ఎన్నోసార్లు చూశాను. మళ్లీ టైప్ చేయడం విసుగే, కానీ రిక్రూటర్ ముందుగా చూసేది ఆ గడులనే. రెజ్యూమేలో ఒక తేదీ, నౌకరీలో ఒక తేదీ, లింక్డ్‌ఇన్‌లో ఇంకో తేదీ లేకుండా మూడూ ఒకటిగా ఉంచండి.

ఇంకొక సంగతి. రెజ్యూమే చూశాం, ఎంపికయ్యారు, రిజిస్ట్రేషన్‌కో యూనిఫాంకో డబ్బు కట్టండి అని ఎవరైనా పిలిస్తే ఆ ఫోను పెట్టేయండి. కట్టకండి.

చివరిగా, ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, కంపెనీ, ఉద్యోగం, ఏ ఫైలు పంపారు, జీతం ఎంత రాశారు అని ప్రతి దరఖాస్తుకూ ఒక పంక్తి. ఒక్కో ప్రకటనకు మాటలు కాస్త మారుస్తారు కాబట్టి ఫైళ్లు పెరుగుతాయి. ఫోను మూడు వారాల తర్వాత, మీరు బస్సులో ఉన్నప్పుడు రావచ్చు. ఐదు నిమిషాల్లో నేనే ఫోను చేస్తానండీ అని మర్యాదగా చెప్పి, ఆ పుస్తకం తెరిచి, వాళ్లకు పంపిన కాగితాన్ని ఎదురుగా పెట్టుకుని అప్పుడు మాట్లాడండి.